పంది సైజు జంతువు సముద్రాన్ని ఎలా దాటింది?



మీ పాప అట్లాస్ తెరిచి, "నాన్నా, బ్రెజిల్‌ని జరిపితే ఆఫ్రికాకి సరిగ్గా అతుకుతుంది కదా?" అని ఎప్పుడైనా అడిగిందా? "ముందు హోంవర్క్ చూసుకో" అనేయకండి. జర్మన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెగెనర్‌ను ఆలోచనలో పడేసింది కూడా ఈ సంగతే. ఖండాలన్నీ ఒకప్పుడు కలిసే ఉండేవని ఆయన 1912లో ప్రకటించాడు. ఆ మహాఖండమే పిల్లలు పాఠంలో చదివే పాంజియా.

అంచులు కలిస్తే సరిపోతుందా?

సరిపోదు. అది యాదృచ్ఛికం కావచ్చు. సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం రాళ్లలో దొరికింది.

లిస్ట్రోసారస్ సుమారు 25 కోట్ల ఏళ్ల కిందటి శాకాహారి. చాలావరకు పంది సైజు ఉండేది. ముక్కులాంటి మూతి, రెండు కోరలు, పొట్టి కాళ్లు. పేరు చూసి పిల్లలు డైనోసార్ అనుకుంటారు, కానీ కాదు. ఇది క్షీరదాలకు దూరపు బంధువు. దీని శిలాజాలు దక్షిణాఫ్రికాలోనూ, మన దేశంలో పశ్చిమ బెంగాల్‌లోని రాణీగంజ్ ప్రాంతంలోనూ దొరికాయి. ఈ రెండింటి మధ్య ఇప్పుడు హిందూ మహాసముద్రం ఉంది. పొట్టి కాళ్ల జంతువు దాన్ని ఈదలేదు. అది నడిచిన నేలే తర్వాత విడిపోయింది.

మన పేరు, మన బొగ్గు

పాంజియా దక్షిణ భాగాన్ని గోండ్వానా అంటారు. మధ్య భారతంలోని గోండుల ప్రాంతం నుంచి వచ్చిన పేరిది. సింగరేణి బొగ్గు పొరలు ఆ కాలపు అడవులవే. అక్కడి గ్లాసోప్టెరిస్ ఆకు శిలాజాలు ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలలో కూడా ఉన్నాయి.

సగం జవాబు

ఖండాలను ఏ శక్తి కదిలిస్తుందో వెగెనర్ సరిగ్గా చెప్పలేకపోయాడు. అందుకే చాలామంది ఆయన్ని నమ్మలేదు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో ఆయన మరణించాడు. సముద్రగర్భంలో కొత్త నేల పుడుతూ పక్కలకు జరుగుతోందని 1960లలో రుజువైంది. 1969లో అంటార్కిటికాలోనూ లిస్ట్రోసారస్ ఎముకలు దొరికాయి. ఖండాలు ఇప్పటికీ ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు, అంటే దాదాపు మన గోళ్లు పెరిగేంత వేగంతో కదులుతున్నాయి.

ఇంట్లో చేసి చూడండి

పాత దినపత్రిక పేజీని ఐదారు ముక్కలుగా చింపండి. ముందు అంచులు మాత్రమే చూసి ముక్కలను కలపమనండి. తర్వాత, "సరిగ్గానే కలిపావని ఎలా చెప్పగలవు?" అని అడగండి. ఒక ముక్కలోని వాక్యం పక్క ముక్కలో కొనసాగితే కూర్పు సరైనదే. అంచులు తీరరేఖలైతే, అక్షరాలు శిలాజాలు. వెగెనర్ స్వయంగా చెప్పిన పోలిక ఇది.

హైదరాబాద్‌లో ఉంటే బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరాన్ని చూపించండి. మన గోదావరి లోయలోనే బయటపడిన ఈ డైనోసార్ లిస్ట్రోసారస్ తర్వాతి జురాసిక్ కాలానిది.

"పాంజియా అంటే ఏమిటి?" అన్నదానికి జవాబు పుస్తకంలో ఉంది, పిల్లలు రాసేస్తారు. "అది ఉండేదని మనకెలా తెలిసింది?" అని మీరు అడగండి. చెప్పలేకపోతే మార్కులు పోవు. వెతకడం మొదలుపెడితే మాత్రం పాఠం నిజంగా వచ్చినట్టే.