మూడు రంగుల పిల్లి: ఎక్స్ క్రోమోజోము కథ

నలుపు, నారింజ మచ్చలు కలగలిసిన పిల్లి కనిపిస్తే అది ఆడదని దాదాపు కచ్చితంగా చెప్పవచ్చు. పిల్లికి 38 క్రోమోజోములు. నారింజ రంగును శాసించే జన్యువు వాటిలో ఎక్స్ మీద ఉంది. మగపిల్లికి ఎక్స్ ఒక్కటే కనుక నారింజో నలుపో ఏదో ఒకటే వస్తుంది. ఆడపిల్లికి రెండు ఎక్స్‌లుంటాయి. పిండదశలో ప్రతి కణంలోనూ వాటిలో ఒకటి యాదృచ్ఛికంగా మూతపడుతుంది, ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నీ అదే వరస పాటిస్తాయి. అందుకే ఒకచోట నారింజ, పక్కనే నలుపు. తెలుపు మాత్రం వేరే క్రోమోజోము మీది జన్యువు పని. ఎక్స్ మూతపడటాన్ని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించారు. మూతపడిన ఎక్స్ పేరు బార్ బాడీ. 1949లో ముర్రే బార్, బెర్‌ట్రామ్ దాన్ని గుర్తించింది పిల్లి నాడీకణాల్లోనే.

అరుదుగా మగపిల్లులకూ ఈ మచ్చలుంటాయి కదా, సూత్రం తప్పినట్టే కదా అని అడగవచ్చు. నిజానికి అవి సూత్రాన్ని బలపరుస్తాయి: వాటిలో చాలావాటికి ఎక్స్ ఎక్స్ వై ఉంటుంది, మనుషుల్లో క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్‌లాగే; సాధారణంగా సంతానం కలగదు. జన్యువులదే పెత్తనమైతే క్లోన్ అచ్చు దాతలాగే ఉండాలిగా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. 2001లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో పుట్టిన తొలి క్లోన్ పిల్లి సీసీ. దాత రెయిన్‌బోకు మూడు రంగులున్నా సీసీకి నారింజ రాలేదు. క్లోనింగ్‌కు వాడిన ఆ ఒక్క కణంలో నారింజ ఎక్స్ అప్పటికే మూతపడి ఉండటమే దీనికి వివరణ. ఆ నారింజ జన్యువు ఏదో 2025లో తేలింది: ఏఆర్‌హెచ్‌జీఏపీ36 దగ్గర సుమారు 5,000 డీఎన్‌ఏ అక్షరాలు లోపించడమే కారణమని జపాన్, అమెరికా బృందాలు విడివిడిగా చూపించాయి.