స్క్రీన్‌పై ఒక రికార్డ్, సేవ్ అయ్యేది ఇంకో రికార్డ్! యాక్సెస్ ఫామ్‌లో స్క్రోల్‌ని పట్టుకోవడం ఎలా?

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌కి దగ్గర్లో మా ఫ్రెండ్‌కి ఒక చిన్న మొబైల్ సర్వీస్ షాప్ ఉంది. రిపేర్‌కి వచ్చే ఫోన్ల వివరాలు రాసుకోవడానికి నేనే మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఒక ఫామ్ చేసిచ్చా. వందల రికార్డులు ఒకదాని కింద ఒకటి కనిపించే కంటిన్యువస్ ఫామ్ అది. పైన హెడర్‌లో 'డెలివరీ అయింది' అనే బటన్ పెట్టా.

ఒకరోజు ఒక కస్టమర్ తన ఫోన్ కోసం వచ్చాడు. సిస్టమ్‌లో చూస్తే 'డెలివరీ అయింది' అని ఉంది. అతనేమో "నాకెప్పుడిచ్చారు?" అని గొడవ. అరగంట వెతికితే ఫోన్ ర్యాక్‌లోనే దొరికింది. తప్పు షాప్ వాళ్లది కాదు, నా ఫామ్‌ది!

అసలేం జరిగింది?

కౌంటర్‌లో కుర్రాడు ముందు ఒక రికార్డ్‌పై క్లిక్ చేశాడు. తర్వాత మౌస్ వీల్ తిప్పి కిందికి వెళ్లాడు. ఎదురుగా కావాల్సిన పేరు కనిపించగానే పైన బటన్ నొక్కాడు. కానీ వీల్ తిప్పితే లిస్ట్ మాత్రమే కదులుతుంది, కరెంట్ రికార్డ్ మారదు. దాంతో పైకెళ్లి కనిపించకుండా పోయిన పాత రికార్డే అప్‌డేట్ అయింది.

స్క్రోల్‌కి ఈవెంట్ లేదా?

యాక్సెస్ ఫామ్‌లో స్క్రోల్ అనే ఈవెంట్ లేదు. 'కరెంట్' ఈవెంట్ రికార్డ్ మారినప్పుడు వస్తుంది కానీ, స్క్రోల్ చేసినంత మాత్రాన రాదు. 'మౌస్‌వీల్' ఈవెంట్ ఉంది కానీ, స్క్రోల్‌బార్‌ని పట్టుకుని లాగితే అది రాదు. మనకు పనికొచ్చేది 'కరెంట్‌సెక్షన్‌టాప్' అనే ప్రాపర్టీ. ఫామ్ పై అంచు నుంచి కరెంట్ సెక్షన్ ఎంత దూరంలో ఉందో ఇది ట్విప్స్‌లో చెబుతుంది (1440 ట్విప్స్ అంటే ఒక అంగుళం). స్క్రోల్ చేస్తే ఈ విలువ మారుతుంది.

ఇలా చేయండి

1. ఫామ్ 'టైమర్‌ఇంటర్వెల్' 250 పెట్టండి. అంటే పావు సెకనుకోసారి చెక్ అవుతుంది.

2. టైమర్ ఈవెంట్‌లో రికార్డ్ ఐడీని, కరెంట్‌సెక్షన్‌టాప్ విలువను గుర్తుపెట్టుకోండి. తర్వాతిసారి ఐడీ అదే ఉండి విలువ మారితే, యూజర్ స్క్రోల్ చేసినట్టే.

3. కంటిన్యువస్ ఫామ్‌లో కరెంట్ రికార్డ్ కనిపించకుండా పోతే, ఈ విలువ ఫామ్ 'ఇన్‌సైడ్‌హైట్'తో సమానం అవుతుంది. అప్పుడు డెలివరీ బటన్‌ని డిసేబుల్ చేయండి. రికార్డ్ మళ్లీ కనిపించగానే ఎనేబుల్ చేయండి.

4. బటన్ పని అయిపోయాక ఫోకస్‌ని లిస్ట్‌లోని టెక్స్ట్ బాక్స్‌కి పంపండి. ఎందుకంటే ఫోకస్ ఉన్న బటన్‌ని యాక్సెస్ డిసేబుల్ చేయనివ్వదు. పైగా కర్సర్ హెడర్‌లో ఉంటే మన లెక్క లిస్ట్ గురించి చెప్పదు.

ఇది చాలా?

చాలదు. పాత రికార్డ్ స్క్రీన్‌పై ఓ మూలన ఉండగానే వేరే పేరు చూసి బటన్ నొక్కేయొచ్చు కదా! అందుకే ఆ తర్వాత బటన్‌ని హెడర్ నుంచి తీసి ప్రతి రికార్డ్ వరసలోనే పెట్టా. ఏ వరసలో బటన్ నొక్కితే అదే కరెంట్ రికార్డ్ అవుతుంది. దాంతోపాటు కస్టమర్ పేరు, ఫోన్ మోడల్ చూపించి "ఇదేనా?" అని అడిగే మెసేజ్ కూడా పెట్టా.

ఆండ్రాయిడ్ యాప్స్ చేసేవాళ్లకి ఇక్కడ పని సులువే. రీసైక్లర్‌వ్యూకి స్క్రోల్ లిజనర్ రెడీగా ఉంటుంది. కానీ అక్కడా ఇలాంటి చిక్కే ఉంది. ఒకే వరసను వేరే డేటాకి మళ్లీ వాడుతుంది కాబట్టి, చెక్‌బాక్స్ టిక్‌ని డేటాలో కాకుండా వరసలోనే వదిలేస్తే, స్క్రోల్ చేశాక అది వేరే పేరు పక్కన ప్రత్యక్షమవుతుంది!

మీరు చేసిన ఫామ్ ఏదైనా ఉంటే ఇప్పుడే తెరవండి. ఒక రికార్డ్‌పై క్లిక్ చేసి, వీల్‌తో బాగా కిందికి వెళ్లి, పైన బటన్ నొక్కండి. ఏ రికార్డ్ మారిందో చూడండి. డేటా కాపీ మీద చేయండి సుమా, ఒరిజినల్ మీద కాదు!