కరగని కొయ్యను కరగించుట

కంసాలి బంగారమును మూసలో కరగించి అచ్చులో పోయును. మైనము, లక్క, గాజు, ఇనుము సైతము తగిన వేడి తగిలినచో మెత్తబడి కోరిన రూపము దాల్చును. వడ్రంగికి ఆ వెసులుబాటు లేదు. అతడు దూలమును కోసి, చెక్కి, చిత్రిక పట్టి వస్తువును దానినుండి వెలికి తీయవలసినదే. రాలిన రంపపు పొట్టు పొయ్యి పాలగును. కొయ్య వేడికి కరగదు, మాడి బొగ్గగును. కారణమేమి?

కొయ్యలో సుమారు సగము సెల్యులోజు అను పదార్థము. అది వేలకొలది గ్లూకోజు పూసలు కూర్చిన పొడవైన గొలుసు. ఒక్కొక్క పూసకు మూడేసి హైడ్రాక్సిలు సమూహములు, అనగా ఆక్సిజను, హైడ్రొజను పరమాణువుల జంటలు, తగులుకొని యుండును. ప్రక్కప్రక్క గొలుసులు ఈ జంటల మూలమున చేతులు పట్టుకొన్నట్లు బిగిసి యుండును. వాని చుట్టును లిగ్నిను అను జిగురు వంటి పదార్థము అల్లుకొనును. ఆ పట్టు వదలునంత వేడి రాకముందే గొలుసులు తెగి కొయ్య మాడిపోవును. మేదరి తడి వెదురును సెగ చూపి వంచుట నిజమే. అది మెత్తబడుటయే కాని కరగుట కాదు.

అమెరికాలో జాన్ వెస్లీ హయట్ 1870 ప్రాంతమున, నైట్రికామ్లముతో మార్చిన దూది సెల్యులోజునకు కర్పూరము కలిపి సెల్యులాయిడును చేసెను. అది వేడికి మెత్తబడి అచ్చులకు లొంగెను. కాని నిప్పు సోకిన భగ్గున మండెడిది. పైగా అందుకు శుద్ధమైన సెల్యులోజు కావలెను. లిగ్నినుతో కూడిన కొయ్యనే ఉన్నదున్నట్లు మార్చుటకు జపానులోని క్యోటో విశ్వవిద్యాలయమున నొబువో షిరాయిషి మున్నగువారు 1980 ప్రాంతమున పూనుకొనిరి.

వారి ఉపాయము సులభముగనే బోధపడును. చేతులు విడిపింప వీలుగానిచో వానికి తొడుగులు వేయవలెను. కొబ్బరినూనెలో విస్తారముగా నుండు లారిక్ ఆమ్లమునకు పన్నెండు కార్బను పరమాణువుల పొడవైన తోక కలదు. రసాయన క్రియచేత ఆ తోకలను హైడ్రాక్సిలు జంటలకు తగిలించినచో అవి గొలుసుల నడుమ దూరి, వానిని ఎడముగా నిలిపి, కందెనవలె జారనిచ్చును. అట్టి కొయ్యపొడిని వేడి పలకల నడుమ నొక్కిన పొడి కరగి, కలిసిపోయి, పలుచని రేకగును. వినెగరులోని ఎసిటికామ్లపు పొట్టి తోక ఒక్కటే ఇంతపని చేయజాలదు.

చిక్కంతయు ఖర్చులో నున్నది. ఇందుకు వాడు రసాయనములు వెలగలవి, కొన్ని లోహపాత్రలను సైతము తినివేయునవి. కొయ్యపొడి చవుక, దానికి తొడుగవలసిన తోకలు చవుక కావు. కొయ్యనారల సహజబలము కూడ కొంత పోవును. అందుచేతనే నేడు బజారులో కొయ్య, ప్లాస్టిక్కు కలిపినవని అమ్మెడి పలకలలో సాధారణముగా రంపపు పొట్టు పొట్టుగనే యుండును. కరగి దానిని పట్టియుంచునది ప్లాస్టిక్కు మాత్రమే.