ఎడారి యిసుక పుట్టుక, నడక

అనంతపురము జిల్లాలో కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతముల రైతులకు హగరి యిసుక చిరకాల శత్రువు. వేదవతి యను పేరుగల ఈ నది సంవత్సరములో పెక్కు మాసములు ఎండియుండును. పడమటిగాలి విసరు కాలమున నదీగర్భమందలి యిసుక లేచి, తూర్పుగట్టు పొలములమీద దిబ్బలుగా పడును. ఈ యిసుక స్వభావ మెరుగనిదే దాని నాపుట సాధ్యము కాదు. కావున దానిని గూర్చి కొంత విచారింతము.

ఎడారియే యిసుకను పుట్టించునని పలువురు తలంతురు. అది సరికాదు. ఇసుక కొండరాతినుండి పుట్టినది. రాయి యెండకు, వానకు చీలి పొడియగునపుడు అందలి మెత్తని భాగములు మన్నగును. పలుగురాయి మాత్రము నశింపక రేణువులుగా మిగులును. ఏరులు ఆ రేణువులను మోసికొని వచ్చి, తమ వేగము తగ్గినచోట దింపును. గాలి పని ఆ పిమ్మట మొదలగును.

రాజస్థానమందలి థారు ఎడారి యిసుక జాడను శాస్త్రజ్ఞులు వింతయైన రీతిని కనుగొనిరి. ఇసుకలో జిర్కాను అను మిక్కిలి గట్టి రేణువులు కొన్ని యుండును. వానియందలి యురేనియము ఒక నియతమైన వేగమున సీసముగా మారుచుండును. ఆ రెండింటి పాళ్లను కొలిచినచో రేణువు వయస్సు తెలియును. ఇట్లు పోల్చిచూడగా థారు ఇసుకలో చాల భాగము సింధునది దిగువ మైదానపు టిసుకతో సరిపోయినది. అనగా హిమాలయ, కారకోరము పర్వతముల రాయి సింధునది వెంట దిగివచ్చి, నైరృతి ఋతుపవనములచే ఈశాన్యమునకు తరలిపోయిన దన్నమాట. హగరి కథయు ఇట్టిదే; పరిమాణము మాత్రము చిన్నది.

ఇక నడక. ఐగుప్తు, లిబియా ఎడారులలో తిరిగిన రాల్ఫు బాగ్నాల్డు అను ఆంగ్ల సైనికోద్యోగి ఈ విషయమును పరిశోధించి 1941లో ఒక గ్రంథము ప్రకటించెను. కళ్లములో తూర్పారబట్టునపుడు గింజ దగ్గర పడును, పొట్టు దూరము పోవును గదా. నేలమీదను గాలి అట్లే యేర్పరచును. సన్నని ధూళి ఆకాశమున కెగసి యెన్నియో క్రోసులు పోవును. ఇసుకరేణువు అట్లెగరలేదు, అది గంతులు వేయును. ఒకటి దుమికి పడినచోట మరికొన్నిటిని లేపును. ముదుక రేణువులు ఈ దెబ్బలకు నేలమీదనే మెల్లగా ప్రాకును. పొలమునకు రెండు విధముల నష్టము ఇందువలననే: సారముగల సన్నని మన్ను గాలిలో పోవును, నిస్సారమైన యిసుక మిగులును.

ఎగురు ఇసుకలో అధికభాగము నేలనుండి మూరెడెత్తు లోపలనే సాగును. గాలి వేగము రెండింతలైన, కదలు ఇసుక సుమారు ఎనిమిదింతలగును. దీనినిబట్టియే గాలిని కొంచెము తగ్గించినను లాభము మిక్కుటమని తేలుచున్నది. మోకాలెత్తు తుప్పను చూచి నవ్వువారు ఈ లెక్కను గమనింపవలెను. వంటచెరకునకై గట్టుమీది పొదలు నరకుట, మేకలను విడుచుట మన చేటును మనమే కొనితెచ్చుకొనుట.

జోధపురములో 1959నుండి కేంద్ర మెట్టప్రాంత పరిశోధన సంస్థ యను పేర పనిచేయుచున్న సంస్థవారు దిబ్బలమీద గాలి కడ్డముగా ఎండుకంపను వరుసలుగా నాటించి, వాని మరుగున గడ్డిని, చెట్లను పెంచు పద్ధతిని అనుసరించిరి. కంప సందులు గలదై యుండవలెను. గోడవలె మూసివేసినచో గాలి సుడి తిరిగి మరొకచోట తవ్వును. సందులున్నచో గాలి నెమ్మదించి యిసుకను అచ్చటనే దింపును. చేనిలో ఇసుక చేరినపిదప చేని నడుమ కంప నాటుట వలన ఫలము స్వల్పము; అడ్డము నదివైపుననే యుండవలెను. రెల్లుగడ్డి యిసుకను చక్కగా పట్టుకొనును. జమ్మి నిదానముగా పెరిగినను లోతుగా వేరు తన్నును. రాజస్థానపు రైతులు దానిని చేలలోనే కాపాడుకొందురు.

ఒక్కరి కంచె చాలదు. ఇరుగుపొరుగున ఖాళీయున్నచో ఇసుక ఆ దారిని దూరును. కావున గట్టు పొడవునను గల రైతులు సంఘముగా చేరి పనిని పంచుకొనుట మేలు. కంప వరుసలు వైశాఖము దాటకమునుపే నిలుపవలెను, గాలి ఆ తరువాత ముదురును. మొక్కలు నాటుట భాద్రపదపు వానలకు. మరుసటి యెండకాలమున వానికి కుండలతో నీరు పోయుటకు మనుషులను ముందుగానే నిర్ణయించుకొనవలెను.