ఎనభైల పాట ఏ టేపులో ఉంది?

"ఎనభైల్లో పాటలు పాటల్లా ఉండేవి" అని ఇంట్లో నాన్నలు, బాబాయిలు అనగా అందరం వినే ఉంటాం. ఆ పదేళ్ళలో సాగర సంగమం, సిరివెన్నెల, రుద్రవీణ, గీతాంజలి వచ్చిన మాట నిజమే. సాగర సంగమం (1983), రుద్రవీణ (1988) రెండింటికీ ఇళయరాజాకీ, బాలుగారికీ జాతీయ అవార్డులొచ్చాయి. కాబట్టి పాట గొప్పదా కాదా అనే వాదన ఇక్కడ పెట్టుకోను. (మర్చిపోదగ్గ పాటలూ బోలెడొచ్చాయి, వాటిని ఎవరూ తల్చుకోరంతే.) ఆ పాట ఏ వస్తువులో ఇంటికొచ్చిందో చూద్దాం.

ఆ వస్తువు ఆడియో క్యాసెట్. ఫిలిప్స్ వాళ్ళు 1963లో తెచ్చినా, మన ఊళ్ళని ఏలింది ఎనభైల్లోనే. 3.81 మిల్లీమీటర్ల వెడల్పు ప్లాస్టిక్ రిబ్బను, దాని మీద ఐరన్ ఆక్సైడ్ పూత. సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున హెడ్‌ని రాసుకుంటూ పోతుంది. సీ-60లో సైడుకి 30 నిమిషాలు, అంటే సుమారు 86 మీటర్ల టేపు. సీ-90కి అదే డబ్బాలో 129 మీటర్లు పట్టాలి కాబట్టి టేపు పల్చగా చేస్తారు. ఎక్కువ పాటలొస్తాయని అది కొన్నవాళ్ళకే రోలర్‌కి చుట్టుకునే బాధ ఎక్కువ. అప్పుడు పెన్సిల్ దూర్చి తిప్పుకోవడమే.

రికార్డింగ్ సెంటర్‌కి ఖాళీ క్యాసెట్, పాటల లిస్టు ఇచ్చి రావడం ఆనాటి ఆచారం. నాలుగున్నర నిమిషాల పాటలు సైడుకి ఆరు పడతాయి. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? మనం పరీక్షకి చదివే న్యాప్‌సాక్ ప్రాబ్లమే ఇది. లెక్క తప్పి చివరి పాట చరణం మధ్యలో టక్కున ఆగిపోతే, ఆ క్యాసెట్ ఉన్నన్నాళ్ళూ ఆ పాట అక్కడే ఆగేది! పాట దాటెయ్యాలంటే ఫార్వర్డ్ నొక్కి ఊహించి ఆపాలి. అంత ఓపిక లేక సైడంతా వినేవాళ్ళు. అందుకే పెద్దవాళ్ళకి ఒక పాట అయిపోతుండగానే తర్వాతి పాట మనసులో మొదలైపోతుంది. వాళ్ళ బెంగలో సగం ఆ వరస మీదే అని నా అనుమానం.

ఇంకో విచిత్రం. పాత క్యాసెట్‌లో పాట మొదలవకముందే అదే పాట సన్నగా వినిపిస్తుంది. చుట్టలో పక్క పొర అయస్కాంతత్వం దీనికి అంటుకోవడమే కారణం. దీన్నే ప్రింట్ త్రూ అంటారు. ఏళ్ళ తరబడి కదపకుండా ఉంచితే ఇది పెరుగుతుంది.

సినిమా పాటలైతే నెట్‌లో దొరుకుతాయి. కానీ అదే క్యాసెట్లలో తాతయ్య పద్యం, అమ్మమ్మ మంగళహారతి, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి పంపడానికి రికార్డు చేసిన మాటలూ ఉంటాయి. వాటికి రెండో కాపీ ఎక్కడా లేదు.

సెలవులకి ఇంటికెళ్తే అటక మీద వెతకండి. ముందు క్యాసెట్ వెనక అంచున ఉన్న రెండు బుల్లి ప్లాస్టిక్ రెక్కలు విరిచెయ్యండి, ఇక పొరపాటున కూడా దాని మీద రికార్డు కాదు. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. టేపు ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తెచ్చాకే ప్లే చెయ్యండి. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డుకి, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీకి. గొంతు దుప్పటి కప్పినట్టుంటే హెడ్ పక్క చిన్న స్క్రూని కొద్దికొద్దిగా తిప్పి చూడండి, 'స', 'శ'లు స్పష్టమయ్యే చోట ఆపండి. ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలుగా దాచండి. డబ్బా లోపలి అట్ట కూడా ఫొటో తీసి, ఆ చేతిరాత ఎవరిదో ఇంట్లో అడిగి ఫైలు పేరులో చేర్చండి.