వేరుసెనగ నేలకు తిరిగి యివ్వవలసినది

వేరుసెనగ పప్పుజాతి పైరు. దాని వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి పైరునకు అందించును. కనుక ఏటేట దానినే వేసినను నేలకు కొరత లేదని అనంతపురము ప్రాంతమున పలువురు రైతులు తలంతురు. ఇది సగము సత్యము మాత్రమే. మిగిలిన సగమును పంచాయతీ సభ్యులకు వివరింపదలచినాము.

ఆకు, వేరు, పెంట కుళ్ళి మట్టిలో కలిసిన పదార్థములో సగమునకు పైగా కర్బనమే. గాలిలోని బొగ్గుపులుసు వాయువునుండి పైరు గ్రహించినదే యిది. ఎర్రనేలను గుల్లపరచి వాననీటిని పట్టియుంచునది ఈ పదార్థమే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురియుటయే గగనమైన చోట, ఊడలు దిగు వేళ పది దినములు చినుకు పడనిచో పంట నిలుచుటయో పోవుటయో దీనిపై చాలవరకు ఆధారపడును. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనము 0.5 శాతమునకు లోబడినచో తక్కువగా ఎంచుదురు.

వేరుసెనగను మనము కోయము, వేళ్ళతో పెరుకుదుము. కాయ మిల్లునకు, కట్టె పశువులకు, పొట్టు బట్టీలకు పోవును. నేలకు దక్కునది రాలిన ఆకులే. అనంతపురములోనే శాస్త్రజ్ఞులు 1985 మొదలు ఇరువది యేండ్లు వేరుసెనగనే వేసి పరిశీలించిరి. ఏమియు వేయని మళ్ళలో కర్బనము తరిగెను. సగము మోతాదు రసాయనిక ఎరువుతో హెక్టారునకు 4 టన్నుల పొట్టు, అనగా ఎకరమునకు 16 క్వింటాళ్ళు, వేసిన మళ్ళలో దిగుబడి పూర్తి మోతాదుకు తీసిపోలేదు. కర్బనమును మెరుగుగా నిలిచెను. పచ్చిపొట్టు కుళ్ళునపుడు మట్టిలోని నత్రజనిని తాత్కాలికముగా లాగుకొనును గనుక, పేడతో కలిపి మాగవేయుట మేలు.

పైరు మార్పిడి సంగతి. వేరుసెనగలో కంది సాళ్ళు వేయు పెద్దల పద్ధతి మంచిది; కంది లోతుగా వేరూని, ఆకు విస్తారముగా రాల్చును. మరుసటి యేడు జొన్నయో కొర్రయో వేసినచో పీచువేళ్ళు నేలలోనే మిగులును. అయితే దంటును, గడ్డిని మొత్తము తరలించి, పశువుల పెంటను కూడ లారీలకెత్తి అమ్మివేసినచో పైరు మార్చినందువలన ఒరుగునది స్వల్పము. మేత పశువునకు పెట్టవద్దని మేము చెప్పజాలము. కరవుసీమలో ఆ మాట ఎవరు విందురు? పెంట మాత్రము పొలమునకు రావలెను. ఎరువుగుంటలకు స్థలము చూపుట, గొర్రెల మందలను వంతులవారీగా చేలలో నిలుపుట పంచాయతీ పూనుకొన్నచో జరుగు పనులే.

ఒక్క యేటిలో కర్బనపు అంకె కదలదు. గ్రామమున నాలుగైదు చేలను ఎంచి, వేసవిలో ఎరువు తోలకముందే జానెడు లోతు మట్టి తీసి పరీక్షకు పంపుడు. మూడేండ్ల తరువాత అవే చేలనుండి, అదే నెలలో, మరల తీయింపుడు. రెండు పత్రములను పంచాయతీ కార్యాలయముననే భద్రపరుపవలెను.