క్లోమ గ్రంథి రక్తపరీక్ష: నివేదికను ఎలా చదవాలి?

పైకడుపులో హఠాత్తుగా నొప్పి మొదలై వీపులోకి పాకుతుంది. వాంతులవుతాయి, గంటలు గడిచినా తగ్గదు. దాన్ని గ్యాస్ అనుకొని సోడా తాగి పడుకునేవారు మనలో తక్కువేమీ కాదు. అటువంటి నొప్పితో ఆసుపత్రికి వెళితే వైద్యులు సాధారణంగా రాసే రక్తపరీక్షలు అమైలేజ్, లైపేజ్.

ఇవి జీర్ణరసాల్లోని ఎంజైములు. మొదటిది పిండిపదార్థాన్నీ, రెండవది కొవ్వునూ అరిగిస్తాయి. జీర్ణాశయం వెనుక అడ్డంగా ఉండే క్లోమ గ్రంథి వీటిని తయారుచేసి చిన్నప్రేగులోకి పంపుతుంది. కన్నడ పత్రాల్లో కనిపించే మేదోజీరక గ్రంథి, తమిళంలోని కణైయం ఈ అవయవమే. భాషాంతరం చేసేటప్పుడు ఈ పేర్ల దగ్గర నేనూ తడబడ్డాను. రోగి వేరే జబ్బనుకొని బెదరడంలో వింత లేదు.

గ్రంథి వాచినప్పుడు ఎంజైములు రక్తంలోకి చేరతాయి. సాధారణ పరిమితి ఒక్కొక్క ల్యాబులో ఒక్కొక్క విధంగా ఉంటుంది. కనుక పొరుగువారి అంకెతో పోల్చుకోవడం వృథా. మీ నివేదికలో పక్కనే ముద్రించిన గరిష్ఠ పరిమితినే చూడాలి. దానికి మూడు రెట్లు, అంతకు మించి ఉంటే ఆకస్మిక క్లోమశోథ, అంటే ప్యాంక్రియాటైటిస్, అని వైద్యులు బలంగా అనుమానిస్తారు. నొప్పి తీరు, ఎంజైము, స్కాన్ అనే మూడింటిలో రెండు కలిస్తేనే నిర్ధారణ. మూత్రపిండాల వ్యాధిలోనూ ఈ అంకెలు పెరగవచ్చు. లాలాజల గ్రంథులూ అమైలేజ్‌ను తయారుచేస్తాయి గనుక గవదబిళ్ళల్లోనూ అది పెరుగుతుంది. అందుకే లైపేజ్‌కు ఎక్కువ విలువ.

అంకె ఎంత పెద్దదైనా జబ్బు తీవ్రతను చెప్పదు. దీర్ఘకాలిక క్లోమశోథలో అంకె మామూలుగానే ఉండవచ్చు.

అంకె కన్నా ముందు చూడవలసినది తేదీ. అమైలేజ్ సాధారణంగా 3 నుంచి 5 రోజుల్లో మామూలు స్థాయికి దిగుతుంది. లైపేజ్ 8 నుంచి 14 రోజుల వరకు హెచ్చుగా ఉండవచ్చు. సెలవు దొరకక వారం ఓర్చుకొని వెళ్ళినవారికి అమైలేజ్ మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. నొప్పి ఏ రోజు, ఏ వేళ మొదలైందో వైద్యునికి తప్పక చెప్పండి.

కారణాల్లో పిత్తాశయపు రాళ్ళు, మద్యం ముఖ్యమైనవి. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు 1000 దాటడమూ ఒక కారణమే. మద్యం అలవాటును దాచవద్దు. ఇంటివారి ఎదుట మొహమాటమైతే, వైద్యునితో ఏకాంతంగా మాట్లాడాలని అడగండి.